నాంపల్లి ఇంటి బావి నీళ్ళు

నాంపల్లి,
6 జూలై 2025.

సుధకు అక్క దీవెనలు.

నువ్వు చెప్పినట్టే ఫోన్ పక్కన పెట్టి కాగితం తీశాను. ఇంటి నుంచి చేత్తో రాసిన ఉత్తరాలు తెప్పించుకోవడం కూడా మీ పర్యావరణ కోర్సులో పాఠమేనన్నావు. ఒక మామూలు పొద్దు గురించి రాయమన్నావు, నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో విడవకుండా. మొన్నటి గురువారం సంగతి రాస్తున్నాను. ఆ రోజు ఏ విశేషమూ లేదు.

దర్గా వైపు నుంచి అజాన్ వినబడేసరికి నా స్నానం అయింది. నల్లా వచ్చే రోజు కాదు. బావి దగ్గరికి వెళ్ళాను. గిలక కిర్రుమనగానే వరండాలో బుచ్చిబాబు బాబాయి దగ్గాడు. ఎనభై దాటినా ఆయన ఆ గిలక చప్పుడుకే లేస్తాడు. రెండు బకెట్లు తోడాను. ఒకటి వాకిలికి, తులసికి. రెండోది దేవుడి గదికి. రాత్రి నింపి దేవుడి ముందుంచిన రాగి చెంబులోని నీళ్ళతో పూజ చేసుకుని, చెంబును చింతపండుతో తోమి బోర్లించాను.

మీ పద్మ వదిన వంటింట్లో ఫిల్టర్ పెట్టింది. ఒక గ్లాసు మంచినీళ్ళు పడేలోపు రెండు మూడు గ్లాసులు పైపులోంచి మోరీలోకి పోయాయి. "వదినా, అది కూడా రాయండి. మీ చెల్లెలు చూసి నన్ను ఫెయిల్ చేస్తుంది" అంది.

మన గేటు ముందు ఇస్త్రీ బండి వీరమ్మ తెలుసుగా. గిన్నె పట్టుకుని వచ్చింది. "అక్కా, జర బాయి నీళ్ళు ఇయ్యి. బోరు నీళ్ళు చల్లితే తెల్లంగీల మీద మరకలు పడుతున్నయి" అంది. ఇచ్చాను. ఆ నీళ్ళు ఆవిరై నాంపల్లి గాలిలో కలుస్తాయి. అది కూడా లెక్కలోకి వస్తే రాసుకో.

అప్పుడు మీ అన్నయ్య వంశీ లోపలికి వచ్చాడు. వీధిలో పెట్టిన కారు మీద ఎవరో ఆటోతో మళ్ళీ గీశారట. "అక్కా, దసరా వెళ్ళాక బావి పూడ్పించేస్తున్నా. ఆ జాగాలో కారు పడుతుంది" అన్నాడు. తులసి దగ్గర స్తోత్రం మధ్యలో ఉన్నాను. మాట్లాడలేదు. స్తోత్రం ముగించి లక్డీకాపూల్ ఆఫీసుకు నడిచాను.

అంతే. వేళకు తిను.

నాగవల్లి


యూనివర్సిటీ హాస్టల్,
15 జూలై 2025.

అక్కా,

నీ ఉత్తరం చేతికందినప్పుడు నేను భోజనాల వరసలో ఉన్నాను. అక్కడే చదివాను. వరస కదిలిపోయింది, నేను కదల్లేదు. వెనకున్న అమ్మాయి, నా వయసులో సగం ఉంటుంది, "ఆంటీ, అన్నం అయిపోతుంది" అని నెట్టింది.

నీ ఉత్తరాన్ని క్లాసులో పైకి చదివారు. కోపం తెచ్చుకోకు. మా క్లాసుకు ఇద్దరు టీచర్లు ఒకేసారి వస్తారని చెప్పానుగా, నీటి రసాయనం చెప్పే రత్నాకర్ సార్, చరిత్ర చెప్పే మేడం. మేడం చదువుతుంటే సార్ బోర్డు మీద బాణాలు గీస్తూ పోయారు. నల్లా, బావి, ఫిల్టర్, మోరీ, తులసి. చివరికి వీరమ్మ ఇస్త్రీపెట్టె దగ్గర పైకి ఒక బాణం గీసి నా వైపు తిరిగారు. "ఈమె ఏం చదువుకున్నారు?" అని అడిగారు. బి.కాం. అని చెప్పాను.

అబిడ్స్‌లో ఇన్నేళ్ళు ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను కదా, ఒక్కరోజు కూడా ఇట్లా గుండె కొట్టుకోలేదు. పొద్దున చాపెల్‌లో, అంటే క్యాంపస్‌లోని చర్చిలో, ప్రార్థన. మొన్న అక్కడ, దేవుడు తోటను మనిషికి అప్పగించి చూసుకోమన్న సంగతి చెప్పారు. బయటికి వచ్చి అదే క్యాంపస్ తోటలో మట్టి తవ్వి పరీక్షనాళికలో వేశాం. మధ్యాహ్నం ఆ తోట ఒకప్పుడు ఎవరి పొలమో, వాళ్ళెక్కడికి పోయారో ఆరా తీశాం. ఒక్క చోటును మూడు వైపుల నుంచి చూడటం. మతం సంగతి అన్నయ్య అడుగుతూ ఉంటాడు. చెప్పు, ఇక్కడ నన్నెవరూ మార్చలేదు, నేను నిద్ర లేచే వేళను మాత్రం మార్చారు.

అసలు సంగతి ఇప్పుడు. నా ఏడాది పరిశోధనకు మన బావినే ఇచ్చారు. సగం నీటి పరీక్షలు, సగం మనుషుల జ్ఞాపకాలు. వానల్లో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి, ఎండల్లో ఒకసారి నీళ్ళు చూడాలి. అన్నయ్య దసరాకే పూడ్పిస్తే నా ఏడాది కూడా అందులోనే పూడిపోతుంది. నేను అడిగితే కసురుకుంటాడు. నువ్వు అడుగు.

నా క్లాస్‌మేట్ అంజన్ గౌలిగూడలో పెళ్ళికి వస్తున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మన ఇంటికి వస్తాడు. సీసా మరిగించి, బావి నీళ్ళు మూతదాకా నింపి అతనికి ఇవ్వు. ఐస్ పెట్టెలో తెస్తాడు. శుభ్రం ముఖ్యం అక్కా. నీకు చెప్పాలా.

నీ సుధ


నాంపల్లి,
27 జూలై 2025.

సుధకు,

అంజన్ వచ్చాడు. మర్యాద తెలిసిన పిల్లవాడు. పెసరట్టు రెండోసారి అడిగి తిన్నాడు. మొజంజాహీ మార్కెట్ నుంచి ఐస్ తెప్పించి పెట్టె నింపాం. సీసా పొద్దున్నే నింపి సిద్ధంగా ఉంచాను. శుభ్రం విషయంలో నీకు భయం వద్దు.

వంశీని అడిగాను. "నీళ్ళు బాగున్నాయని మీ సైన్సే చెప్తే బావి ఉంచుతా. బాగోలేవంటే పూడుస్తా. మధ్యలో సెంటిమెంట్ వద్దు" అన్నాడు. న్యాయంగానే ఉందనిపించింది. సరేనన్నాను.

బాబాయిని జ్ఞాపకాలు అడిగాను. యాభై ఆరులో కర్నూలు నుంచి ఆఫీసులతో పాటు మన తాతయ్య ఇక్కడికి వచ్చిన సంగతి మొదలుపెట్టాడు. బావి దాకా రావడానికి ఇంకా కొన్నాళ్ళు పడుతుంది. ప్రస్తుతం రైల్లో ఉన్నారు.

మీ చాపెల్‌లో చెప్పులు ఎక్కడ విడుస్తారు? రాయి.

నాగవల్లి


యూనివర్సిటీ హాస్టల్,
8 ఆగస్టు 2025.

అక్కా,

కూర్చున్నావా? కూర్చో.

మన బావి నీళ్ళలో సూక్ష్మక్రిములు లేవు. తక్కువగా ఉన్నాయని కాదు, అసలు లేవు. ల్యాబ్‌లో గాజు పళ్ళేలు వరసగా పెట్టారు. మిగతా ఊళ్ళ బావుల పళ్ళేల నిండా చుక్కలు, మసూచి పోసినట్టు. మనది అద్దంలా ఉంది. రత్నాకర్ సార్ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశారు. నగరం నడిబొడ్డున, చుట్టూ మోరీలున్న చోట, ఇట్లాంటి నీళ్ళు తాను చూడలేదన్నారు. రాతి పొరలేమైనా వడపోస్తున్నాయేమో అంటున్నారు. నేను మెట్ల మీద పరిగెత్తాను అక్కా, ఈ మోకాళ్ళతో.

లోహాల పరీక్ష వేరే విభాగంలో చేస్తారు. ఆ ఫలితం ఆలస్యంగా వస్తుంది. అన్నయ్యకు ఈ ఉత్తరం చూపించు. సైన్సే చెప్పిందని చెప్పు.

చాపెల్‌లో చెప్పులు విడవరు. నేను మాత్రం అలవాటు మానలేక బయటే విడిచాను. మర్నాడు నా చెప్పుల పక్కన ఇంకో మూడు జతలున్నాయి.

సుధ


నాంపల్లి,
19 ఆగస్టు 2025.

సుధకు,

ఉత్తరం చూపించాను. చూపించకుండా ఉంటే బాగుండేదేమో.

వంశీ దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి గల్లీ గ్రూపులో పెట్టాడు. మర్నాటి నుంచి గేటు దగ్గర డబ్బాలు. వీరమ్మ ముందు వచ్చింది. "ఏందక్కా, గింత మంచి నీళ్ళని బట్టల మీద చల్లిపిచ్చినవ్, తాగమని ఒక్కపారి గూడ చెప్పకపోతివి" అని నిష్ఠూరం. బషీర్‌బాగ్ నుంచి ఒకాయన క్యానుతో స్కూటర్ మీద వచ్చాడు. వంశీ గేటు దగ్గర నిలబడి వరస పెడుతున్నాడు. బావి పూడుస్తానన్న మనిషేనా అనిపిస్తోంది. "మా తాతగారు కర్నూలు నుంచి రాగానే నీళ్ళు చూసే ఇల్లు కొన్నారు" అని అందరికీ చెప్తున్నాడు. బాబాయి వరండాలోంచి, "అద్దె తక్కువని వచ్చాంరా, కొన్నది తరువాత" అని సరిదిద్దుతున్నాడు. ఎవరూ వినడం లేదు.

బావి నిలిచింది. నా మనసు ఎందుకో నిలవడం లేదు. నిన్న జపంలో రెండుసార్లు తప్పిపోయాను.

నాగవల్లి


యూనివర్సిటీ హాస్టల్,
30 ఆగస్టు 2025.

అక్కా,

డబ్బాలు ఆపించు. ముందు ఆ పని చేసి, తరువాత చదువు.

లోహాల ఫలితం వచ్చింది. మన నీళ్ళలో రాగి ఉంది. మిగతా బావులతో పోలిస్తే చాలా ఎక్కువ. క్రిములు లేకపోవడానికి కారణం అదేనట, రాగి వాటిని బతకనివ్వదు. అది రాతి పొరల గొప్ప కాదు. అంత రాగి భూమిలోంచి ఊరికే రాదు, దగ్గరలో ఏదైనా వర్క్‌షాపు ఉందా అని సార్ అడిగారు. నాకు వెంటనే మన వెనక గోడ గుర్తొచ్చింది. మొగులయ్య మోటారు వైండింగ్ దుకాణం. రోజంతా రాగి తీగే కదా అక్కడ. తీగ కడిగిన నీళ్ళు మనవైపు ఇంకుతున్నాయేమో.

ఒక పక్క భయంగా ఉంది, ఇంకో పక్క ఆగలేకపోతున్నాను. ఒక బావి, ఒక దుకాణం, మధ్యలో ఒక గోడ. మేడం అయితే అప్పుడే నాంపల్లి పాత పటాలు తెప్పిస్తున్నారు. ఇంకా ఏదీ తేలలేదని అన్నయ్యకు గట్టిగా చెప్పు. ఆవేశపడొద్దని చెప్పు.

సుధ


నాంపల్లి,
8 సెప్టెంబరు 2025.

సుధకు,

ఆవేశపడొద్దని నేను చెప్పేలోపే వంశీ నీ ఉత్తరం పట్టుకుని మొగులయ్య దుకాణానికి వెళ్ళిపోయాడు. నేను వెనకే వెళ్ళాను. నేను చేరేసరికే అతని గొంతు గోడ దాటి వినబడుతోంది.

"నీ రాగి అంతా మా బావిలోకి వస్తోంది. యూనివర్సిటీ వాళ్ళే రాసి పంపారు" అన్నాడు వంశీ.

మొగులయ్య చేతిలో పని ఆపకుండా విన్నాడు. "సార్, రాగి తునక కింద పడితే ఏరుకొని డబ్బాల ఏస్కుంట. కిలోల లెక్క అమ్ముకునే సామాను. నీ బాయిల పారబోసేటంత షావుకారునా నేను?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వంశీ ఎర్రబడి తిరిగి వచ్చాడు.

మర్నాడు పూజయ్యాక చెంబు తోముతున్నాను. చింతపండు రసం పచ్చగా దిగింది. రోజూ దిగేదే. ఆ రోజు చేయి ఆగింది.

సుధా, అంజన్‌కు ఇచ్చింది తిన్నగా బావిలోంచి తోడిన నీరు కాదు. ఇంట్లోంచి నీళ్ళు అంత దూరం వెళ్తున్నాయి. నీ చదువు కోసం వెళ్తున్నాయి. దేవుడికి చూపించకుండా ఎట్లా పంపుతాను? ముందు రోజు తోడి, రాత్రంతా రాగి చెంబులో దేవుడి ముందుంచి, పూజయ్యాక తులసి దళం తీసేసి సీసాలో పోశాను. మడితో నింపాను. అంతకంటే శుభ్రం ఉంటుందని నాకు తెలియదు. నీకు చెప్పాలనీ తోచలేదు. ఇంట్లో రోజూ చేసేదే కదా.

రాగి మన చెంబుది. క్రిముల్ని చంపింది కూడా అదే.

ముందు మొగులయ్య దగ్గరికి వెళ్ళాను. "తమ్ముడూ, రాగి నీది కాదు, మా దేవుడి చెంబుది. మమ్మల్ని క్షమించు" అన్నాను. చాలాసేపు నవ్వాడు. "ఇగ దేవుని చెంబు మీద కేసు పెడతరా అక్కా?" అని, చాయ్ తెప్పించాడు. తాగి వచ్చాను.

తరువాత గేటు దగ్గర నిలబడి, నీళ్ళు తాగొద్దు, పొరపాటు మాదేనని అందరికీ చెప్పాను. వీరమ్మ నమ్మలేదు. "ఇన్ని దినాల సంది తాగుతున్నం, ఏమైంది?" అంది. డబ్బా మాత్రం కింద పెట్టింది.

రాత్రి భోజనాల దగ్గర వంశీ అన్నాడు. "ఎవరికీ చెప్పకపోతే ఏం పోయేదక్కా? బావి ఉండేది. సుధ చదువు సాగేది. నా పరువూ ఉండేది."

"నీళ్ళు తాగేవాళ్ళు ఉన్నారు కదరా" అన్నాను.

అతను పెరుగన్నం కలుపుకున్నాడు. తరువాత, "సరే. మళ్ళీ పరీక్ష చేయించండి. చెడ్డవని తేలితే మాత్రం నా మాట మాటే. దసరా వెళ్ళగానే మట్టి లారీ వస్తుంది" అన్నాడు.

నిన్ను క్లాసులో తలవంచుకునేట్టు చేశానేమో. మీ సార్‌కు నా నమస్కారం చెప్పి, ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఈసారి నీళ్ళు మీవాళ్ళే వచ్చి తోడుకోవాలి.

నాగవల్లి


యూనివర్సిటీ హాస్టల్,
24 సెప్టెంబరు 2025.

అక్కా,

తల వంచుకోవడమా? నీ ఉత్తరం చదివి మేడం బల్ల మీద తల పెట్టి నవ్వారు. సార్ నవ్వలేదు. "ఆ చెంబును ఒక్కరోజు మాకు ఇస్తారా?" అని అడిగారు. ఇవ్వరని చెప్పాను. "అయితే అలాంటిదే ఇంకోటి కొందాం" అన్నారు. ఇప్పుడు ల్యాబ్‌లో వరసగా స్టీలు, గాజు, మట్టి, రాగి పాత్రలు పెట్టి నీళ్ళు చూస్తున్నాం. రాగి చెంబుకు నీ పేరే పెట్టారు. "నాగవల్లి ఫలితం వచ్చిందా?" అని అడుగుతున్నారు అందరూ.

శుభ్రం అంటే ఎవరి శుభ్రం, దాన్ని ఎవరు నిర్ణయిస్తారు అన్న దాని మీద క్లాసులో రెండు రోజులు వాదించుకున్నాం. నేను ఇక్కడికి వచ్చింది దీనికోసమే అక్కా. ఇంటికి రెండు అడుగుల దూరంలో ఉన్నదాన్ని చూడటానికి ఇంత దూరం రావాల్సి వచ్చింది.

ఇప్పుడు మంచిది కాని వార్త. బషీర్‌బాగ్ కాలేజీ నుంచి సార్ స్నేహితుడు వచ్చి, సీసాను తాడుతో నేరుగా బావిలోకి దించి తీసుకెళ్ళాడుగా. ఫలితం వచ్చింది. రాగి లేదు. మొగులయ్యకు మళ్ళీ చెప్పు. క్రిములు మాత్రం నిండా ఉన్నాయి. అవి కూడా మరుగుదొడ్డి నీళ్ళలో ఉండేవి. పళ్ళెం చూసి నేను బయటికి వచ్చేశాను.

అన్నయ్యకు దాచకు. నువ్వు దాచవని తెలుసు.

ఒక్కటి అడుగుతాను. నీళ్ళలో ఏముందో సైన్సు చెప్పింది. ఏ దారిన వచ్చిందో చెప్పలేదు. ఆ దారి మనుషులకు తెలిసి ఉండొచ్చని మేడం అంటున్నారు. పెరట్లో సిమెంటు వేయకముందు వాన నీళ్ళు ఎటు పారేవో బాబాయిని అడుగు. ఆయన రైలు దిగాడా లేదా? దిగకపోతే దించు. లారీ వచ్చేలోపు అడుగు అక్కా. ఈ బావి పోతే నాకు ఇంకో బావి ఇస్తారు, నిజమే. కానీ నేను ఇంకో బావి గురించి రాయలేను.

సుధ


నాంపల్లి,
6 అక్టోబరు 2025.

సుధకు,

పండగ బాగా జరిగింది. నీ వాటా బొబ్బట్లు వీరమ్మ మనవరాలు తింది.

ఫలితం వచ్చిన రోజే వంశీకి చెప్పాను. వెంటనే లారీ వాడికి ఫోన్ చేశాడు. ఆదివారం రమ్మన్నాడు. ఆదివారం అంటే నిన్న.

బాబాయిని శనివారం కూర్చోబెట్టాను. రైలు మధ్యలో ఆపి, "బాబాయ్, పెరట్లో వాన నీళ్ళు ఎటు పారేవి?" అని అడిగాను. వెంటనే చెప్పాడు. "మరుగుదొడ్డి మూల నుంచి బావి మీదికే వచ్చేవి. అందుకే నాన్న అడ్డంగా కాలువ తవ్వి వీధిలోకి మళ్ళించాడు. నేనూ తట్టలు మోశాను. ఆ కాలువ ఏదీ?" అన్నాడు. మీరెవరూ ఇన్నాళ్ళు అడగలేదేం అని కోప్పడ్డాడు కూడా.

నేను వంశీ వైపు చూశాను. పెరడంతా సిమెంటు వేయించింది అతనే. అప్పుడు వెనక వాటా అద్దెవాళ్ళ మరుగుదొడ్డి పైపు వేయడానికి తవ్వే పని లేకుండా తయారుగా ఒక కాలువ దొరికిందని సంతోషించాడు. అదే కాలువ.

నిన్న పొద్దున లారీ కంటే ముందే మొగులయ్యను పిలిచాం. సమ్మెట పట్టుకుని వచ్చాడు. "సార్, ఈసారన్నా రాగి దొరికితే నాకే ఇయ్యాలె" అని వంశీని ఏడిపిస్తూనే, బాబాయి చేతికర్రతో చూపించిన చోట సిమెంటు పగలగొట్టాడు. కింద మట్టి నల్లగా, తడిగా ఉంది. పైపు అతుకు దగ్గర విడిపోయి ఉంది. బావి ఒర దాకా ఆ తడి కనిపించింది. వాసన కూడా. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో నీకు రాసి చెప్పలేను. మీ మేడం అన్న దారి మా కాళ్ళ దగ్గరే ఉంది.

లారీ వచ్చింది. వంశీ దాన్ని గేటు బయటే ఆపి, "సాయంత్రం చెప్తా" అన్నాడు. డ్రైవర్ తిట్టుకుంటూ వెళ్ళాడు.

సాయంత్రం దీపం పెట్టాక అందరం బావి గట్టు దగ్గర కూర్చున్నాం. వంశీ మొదలుపెట్టాడు. "పైపు సంగతి తరువాత చూద్దాం. నీళ్ళు చెడ్డవే కదా. అనుకున్నట్టే పూడ్చేద్దాం."

పద్మ అడిగింది. "బావి పూడిస్తే పైపు అతుక్కుంటుందా?"

వంశీ బావిలోకి తొంగి చూశాడు.

"ఇన్నాళ్ళూ ఆ మురికి బావిలోకి పోయింది కాబట్టి మీ చెల్లెలికి తెలిసింది. బావి లేకపోతే మన పునాదిలోకి పోతుంది. అప్పుడు ఎవరికీ తెలియదు. మీరు పైన కారు పెట్టుకుని కూర్చుంటారు" అంది.

బాబాయి, "అమ్మాయి చెప్పింది రైటు" అని కర్ర నేలకు కొట్టాడు. వంశీ నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పక్కా. నీళ్ళు బాగోకపోతే పూడ్చవచ్చని ఒప్పుకున్నావు."

"ఒప్పుకున్నాను. మాట తప్పను. కాకపోతే చెడింది నీళ్ళు కాదు, పైపు. నీ మాట ప్రకారం దేన్ని పూడ్చాలో నువ్వే చెప్పు" అన్నాను. కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

అతను లేచి గేటు వైపు నడిచిన చప్పుడైంది. లారీ వాడితో ఫోన్‌లో అంటున్నాడు, "వద్దు భాయ్. మట్టి తేవద్దు. ఇక్కడి నుంచి సిమెంటు ముక్కలు తీసుకుపోవాలి, ఖాళీ బండి పంపు."

కాబట్టి మీ టీచర్లకు ఇట్లా చెప్పు. బావి ఉంటుంది. పాత పైపు తీసి, తాతయ్య కాలువకు దూరంగా కొత్తది వేస్తారు. సిమెంటు సగం లేస్తుంది, వాన నీళ్ళు మళ్ళీ వీధి వైపు పారతాయి. నీళ్ళు బాగున్నాయని నీ పరీక్షలు చెప్పేదాకా వాటిని ఎవరూ తాగరు. కారు వీధిలోనే ఉంటుంది, గీతలు పడినా వంశీ కేకలు వేయడు. ఈ ఆఖరి షరతు పద్మ పెట్టింది.

నెలనెలా నీళ్ళు తోడి పంపే పని కూడా పద్మకే ఇచ్చారు. సీసా నా చేతికి ఇవ్వకూడదని అందరూ కలిసి నిర్ణయించారు. నేనూ చెయ్యి ఎత్తాను.

నాగవల్లి